వైరు రోపా, బెల్టా? బోరు వించి దగ్గర మామా అల్లుళ్ల సంవాదం

కల్వకుర్తి, వెల్దండ, వంగూరు వైపు బోరు మోటారు పైకి తీయడం ఏడాది పొడుగునా ఉండే పని. కాయిల్ కాలుతుంది, పంపులో ఇసుక పడుతుంది, నీళ్లు దిగిపోతే ఇంకో రెండు పైపులు కలపాల్సి వస్తుంది. శ్రీశైలం వెనుక జలాలను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడు దశల్లో ఎత్తి తెచ్చే కల్వకుర్తి పథకం వచ్చాక కాలువ కింది ఊళ్లలో చెరువులు నిండాయి. కాలువ ఎక్కలేని మెట్ట పొలానికి మాత్రం ఇప్పటికీ బోరే దిక్కు.

ఈ సంవాదంలో మామ బోరు మోటార్లు దింపడం, తీయడంలోనే తల నెరిసిన మేస్త్రీ. అల్లుడు దుబాయిలో పడవల షెడ్డులో పనిచేసి వచ్చాడు. సొంతంగా ఒక బండి కట్టుకుని ఇదే పని మొదలుపెట్టాలని ఉంది. వించి ఆర్డరు పెట్టే ముందు మామను అడగడానికి వచ్చాడు. అడగడానికి వచ్చినవాడు వాదానికి దిగాడు. మాటలు వాళ్ల యాసలోనే ఉంచుతున్నాను.

అల్లుడు: మామా, నేను తెప్పిద్దామనుకుంటున్నది పడవల ట్రెయిలరుకు బిగించే వించి. రెండించుల బెల్టు దాంతోనే వస్తది. దుబాయిల రోజూ అదే పని నాది. బండిని ఎనుకకు నీళ్లల్లకు దించుతం. పడవ ముక్కుకున్న కొండికి బెల్టు తగిలించి హ్యాండిలు తిప్పుతుంటే పడవ మెల్లగ రోలర్ల మీదికెక్కుతది. చేతికి చిన్న గీత గూడ పడదు. నీ అరచేతులు సూసుకో. ఎన్ని తీగలు దిగినయో.

మామ: నా చేతుల సంగతి తర్వాత మాట్లాడుదం. పడవను ఎటు గుంజుతవ్?

అల్లుడు: ఎటేంది? ర్యాంపు మీదికి.

మామ: బోర్లకెల్లి మోటారును?

అల్లుడు: సీదా పైకి.

మామ: మరి అక్కడనే ఉన్నది గద తేడా. ఏడడుగుల పొడుగుకు అడుగు ఎత్తు లేసే ర్యాంపు అనుకో. టన్ను పడవైనా, రాపిడి లెక్క వదిలేస్తే, నూటా నలభై యాభై కిలోల గుంజుడు సాలు. తక్కినదంత ర్యాంపే మోస్తది. బోర్ల ఎవరు మోస్తరు? పైపు, మోటారు, పైపులున్న నీళ్లు, అన్నీ రోపుకే యాలాడాలె. లెక్క కట్టు. ఐదొందల ఫీట్ల బోరు, ఒకటిన్నర ఇంచు ఇనుప పైపు. ఇరవై ఫీట్ల పైపు ఒక్కోటి ఇరవై రెండు కిలోలకు తక్కువుండదు.

అల్లుడు: ఇరవై ఐదు పైపులు. ఐదొందల యాభై కిలోలు.

మామ: మోటారు, పంపు కలిసి ఇంకో అరవై. అడుగున వాల్వు మంచిగుంటే పైపు నిండ నీళ్లు నిలబడే ఉంటయ్, అవి రెండొందల లీటర్ల కాడికి అయితయ్. మొత్తం ఎనిమిదొందల కిలోలు. ఇగ మోటారు సుట్టూ బురద పట్టిందంటే ఎంత గుంజాలెనో నాకే తెల్వదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన వైపు పడవలకు ట్రెయిలర్లు లేవు. సోమశిల దగ్గర కృష్ణలో చేపలు పట్టే పుట్టిని ఒడ్డుకు తెచ్చి మనుషులే ఎత్తుకుపోతారు. అందుకే సముద్రపు ఒడ్డున వైరా బెల్టా అని పడవలవాళ్లు పడే తర్జనభర్జన మన దగ్గర బోరు గడ్డ మీదికి వచ్చి ఆగింది. రెండు చోట్లా వించి ఒకటే. పని మాత్రం ఒకటి కాదు. మామ మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. రోపు ఎంత గట్టిది అని అడిగే ముందు అది గుంజాలా, ఎత్తాలా అన్నది తేలాలి.

అల్లుడు: బరువు లెక్కకు నేను భయపడ. యాభై మిల్లీమీటర్ల పాలిస్టరు బెల్టు ఐదు టన్నులకు గాని తెగదు. నీ ఎనిమిది మిల్లీమీటర్ల వైరు రోపు మూడున్నర టన్నులకే తెగుతది. ఏది గట్టిది?

మామ: తెగే బరువు అట్లనే ఉండనీ. రోజూ ఎంత పెట్టొచ్చు, అది చెప్పు.

అల్లుడు: మా షెడ్డుల సూపరువైజరు బెల్టుకైతే తెగే బరువును ఏడుతోని భాగించమంటుండె, ఇనుప రోపుకైతే ఐదుతోని.

మామ: భాగించు మరి.

అల్లుడు: బెల్టు ఏడొందల కిలోలు... వైరు గూడ ఏడొందలే.

మామ: సరిపాయె. రెండూ ఒక్కకాడికే వచ్చినయ్. రెండింటికీ ఎనిమిదొందల కిలోలు ఎక్కువే. ఇప్పుడు నేనేం చేస్తనో సూసినవ్ గద. కింద ఇంకో గిరక ఏస్త. రోపు స్టాండు మీది గిరక మీంచి దిగి, కింది గిరక సుట్టు తిరిగి, మళ్ల పైకి పోయి స్టాండుకు కట్టుకుంటది. బరువు రెండు పాయల మీద పడతది. ఒక్కో పాయకు నాలుగొందలు. నీ బెల్టును గిరకల ఎట్ల నడిపిస్తవ్?

అల్లుడు: గిరక మార్పిస్త. ఎడల్పు రోలరు పెట్టిస్త.

మామ: పెట్టించు. స్టాండు ఇంత పక్కకు ఒరిగితే బెల్టు రోలరు అంచుకు జరుగుతది. అంచుకు జరిగినంక మడతపడతది. మడతపడ్డ బెల్టు మీద బరువంత ఒక్క అంచు మీదనే ఉంటది. వైరు రోపుకు గిరకల గాడి ఉంటది, ఎటు ఒరిగినా అందులనే నడుస్తది.

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. కానీ అతని దగ్గర ఇంకో మంచి వాదం మిగిలే ఉంది. బెల్టును కాదనేవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం పొడవు: ట్రెయిలరు బెల్టు ఇరవై అడుగులకు మించదు, బోరు చూస్తే వందల అడుగులు. పని దగ్గర నిలబడి చూసినవాళ్లు ఆ మాట అనరు. ఇనుప పైపులను ఒకేసారి పైకి లాగరు. ఒక పైపు పొడవు ఎత్తి, కింది సాకెట్టు దగ్గర క్లాంపు బిగించి, ఆ క్లాంపును కేసింగు మీద కూర్చోబెడతారు. పైపు పానాలతో పై పైపు విప్పి పక్కన పెడతారు. కొక్కెం మళ్లీ కిందికి దిగుతుంది. ఒకసారి ఎత్తేది ఇరవై అడుగులే. నల్ల ప్లాస్టిక్ పైపు దింపిన బోరు కథ వేరే, అది మొదలు నుంచి చివరదాకా ఒకటే పొడుగు.

అల్లుడు: మామా, ఒక్కసారికి ఎత్తేది ఇరవై ఫీట్లే గద. నా బెల్టు గూడ ఇరవై ఫీట్లే. పొడుగు సాలలేదని మాత్రం అనకు.

మామ: అన. నువ్వన్నది నిజమే. గని ఇరవై ఫీట్ల బెల్టు డ్రమ్ముకు ఎట్ల సుట్టుకుంటది? ఒకదాని మీద ఒకటి. మూడు మిల్లీమీటర్ల మందం, ట్రెయిలరు వించి డ్రమ్మేమో రెండుమూడించులు. సగం సుట్టేటాళ్లకే సుట్ట లావెక్కుతది. సుట్ట రెండింతలు లావైతే హ్యాండిలు మీద రెండింతలు జోరు పెట్టాలె. పైపు పైకొచ్చి క్లాంపు ఏసే టైముకు, అంటే నీ చేతులు అలిసినంక, అప్పుడు బరువెక్కుతది. నా డ్రమ్ము ఆరించులది. రోపు పక్కపక్కన సుట్టుకుంటది, ఒక్క వరుసలనే అయిపోతది. మొదట ఎంత జోరో ఆఖరుకూ అంతే.

అల్లుడు: ఆ సంగతి పడవకాడ గూడ చూసిన. పడవ ఆఖరి మూరెడు ఎక్కేటప్పుడే హ్యాండిలు మొరాయిస్తుండె.

మామ: పడవ మొరాయిస్తే నీళ్లల్లకు జారుతది. బోర్ల మొరాయిస్తే?

అల్లుడు: సరే గని, నీ వైరు రోపు మంచితనం గూడ కొంచెం మాట్లాడుకుందం. ఇట్ల తే కొస. ఈ క్లిప్పులు ఎవరు బిగించిండ్రు?

రోపు కొసను మడిచి కంటిలా చేసి, ఆ మడత మీద మూడు యు క్లిప్పులు బిగించి ఉన్నాయి. క్లిప్పుకు రెండు భాగాలు: ఒకటి గుర్రపునాడాలా వంగిన కడ్డీ, రెండోది గాళ్లున్న సీటు. బరువు మోసే పొడుగు పాయ సీటులో పడుకోవాలి. మడిచిన పొట్టి కొస మీదికి కడ్డీ రావాలి. కడ్డీ కరిచిన చోట రోపు నలుగుతుంది కాబట్టి నలిగే వంతు బరువు లేని కొసదే కావాలి. మామ రోపుకు ఒక క్లిప్పు అటు, ఒకటి ఇటు, మళ్లీ ఒకటి అటు ఉన్నాయి. అందంగా ఉంటుందని చాలామంది అలాగే బిగిస్తారు. ఆ నడిమి క్లిప్పు కింద పొడుగు పాయ చదునై, రెండు పోగులు తెగి పైకి లేచి కనిపించాయి.

అల్లుడు: సూడు. నీ మూడున్నర టన్నులు ఇక్కడ ఉన్నయా? నడిమిది కరిచిన కాడ ఎంత మిగిలిందో ఎవరు చెప్తరు?

మామ: రోజుల కొద్దీ ఇట్లనే గుంజుతున్న.

అల్లుడు: గుంజినవ్. గుంజినవ్ గనకనే పోగులు తెగినయ్. మా షెడ్డుల పాత గుడ్డ పట్టి రోపు పొడుగూత తుడిపిస్తుండ్రి. గుడ్డ యాడ తట్టుకుంటే ఆడ తెగిన పోగు ఉన్నట్టు. పాయ ఒక సుట్టు తిరిగేంత పొడుగుల ఆరు పోగులు తెగినా, ఒక్క పాయలనే మూడు తెగినా రోపు తీసి పక్కన పారేసుడే. నువ్వు చేతుల్తోని తుడుస్తవ్. అందుకే నీ చేతులు గట్లున్నయ్.

మామ: ...క్లిప్పులు సీదా చేస్త.

అల్లుడు: క్లిప్పులు సీదా చేసుడు కాదు. ఆ మూరెడు కోసి పారేసి, కొత్త కొసకు చెయ్యి. కంటి లోపల థింబులు పెట్టు. మొదటి బరువు ఎత్తినంక నట్లు మళ్లొకసారి బిగించు, బరువు పడ్డంక రోపు సన్నబడతది.

ఈ భాగంలో నేను పూర్తిగా అల్లుడి పక్షం. వైరు రోపును సమర్థించేవాళ్లలో చాలామంది కొత్త రోపును సమర్థిస్తూ పాత రోపును వాడతారు. ఇనుప రోపు లోపలి నుంచి కూడా చెడుతుంది. నడుమ ఉన్న నార ఎండిపోతే పాయలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మన గడ్డ మీద ఉప్పు నీళ్లు లేవు, తుప్పు తక్కువ, ఎర్ర దుమ్ము మాత్రం ఉంది. గ్రీజు పూసిన రోపును నేల మీద ఈడిస్తే ఆ దుమ్మంతా అంటుకుని ఆకురాయిలా పనిచేస్తుంది. బెల్టుకు దుమ్ము ఇంకా చేటు. ఇసుక నేతలోకి దిగి పోగులను లోపల్నుంచి కోస్తుంది. బయటికి బెల్టు బాగానే కనిపిస్తుంది.

మామ: ఇగ కేసింగు మూతి సంగతి. కోసిన కేసింగు అంచు కత్తి లెక్కనే ఉంటది. వైరు రాసుకుంటే గీత పడతది. బెల్టు రాసుకుంటే?

అల్లుడు: తెగుతది. బరువు మీద ఉన్న బెల్టుకు చిన్న గాటు పడ్డా అక్కడ్నించి చీరుకుంటనే పోతది. ఒప్పుకుంటున్న.

మామ: 2019ల గోదావరిల కచ్చులూరు కాడ మునిగిన పడవను ఏంతోని తీసిండ్రు? సెప్టెంబరు 15న మునిగింది. కాకినాడకెల్లి ధర్మాడి సత్యం మనుషులు వచ్చి లంగర్లు ఏసి, ఇనుప రోపులు కట్టి, ప్రొక్లెయిన్లు పెట్టి గుంజితే అక్టోబరు 22న గాని ఒడ్డుకు రాలే. పడవే గద అది గూడ. బెల్టు పెట్టిండ్రా?

అల్లుడు: అది నీళ్ల అడుగున బురదల కూరుకపోయిన పడవ. రాళ్ల మీద, ఇసుక మీద ఈడ్సాలె. అక్కడ ఇనుమే కావాలె. నేను చెప్పేది ర్యాంపు మీది పడవ. ఉప్పు నీళ్లకు వైరు తుప్పు పడతది, తెగిన పోగు పడవ రంగును గీస్తది, చేతిల దిగుతది. అందుకే ఆడ బెల్టు. నేను తప్పుగ అన్ననా?

మామ: తప్పన్లే. ఆడిది ఆడ మంచిదే. ఈడికి తెచ్చుడే తప్పు.

అల్లుడు: ఇంకొక్కటి. వైరు తెగితే కొరడా లెక్క కొడ్తది. బెల్టు కొట్టది.

మామ: బెల్టు కొట్టదని ఎవరు చెప్పిండ్రు?

దీని మీద మామకు అనుభవం ఉంది కానీ కారణం చెప్పలేకపోయాడు, కాబట్టి నేను చెబుతాను. తెగినప్పుడు కొట్టే దెబ్బ, తెగే ముందు ఎంత సాగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నైలాన్ బాగా సాగుతుంది, తెగితే కొస వెనక్కి దూసుకొస్తుంది. ఓడరేవుల్లో నైలాన్ తాళ్లు తెగి మనుషులు చనిపోయారు. పాలిస్టరు అంతకంటే తక్కువ సాగుతుంది. ఇనుము ఇంకా తక్కువ సాగుతుంది గానీ దాని కొస బరువు, దాని పోగులు గాయాన్ని పెద్దది చేస్తాయి. అంటే ఏది తెగినా దాని దారిలో నిలబడినవాడికి రక్షణ లేదు. ‘బెల్టు మెత్తనిది’ అన్న ధీమాతో మనిషి దగ్గరగా నిలబడితే ఆ మెత్తదనమే ప్రమాదం. బెల్టు కొసన ఉన్న ఇనుప కొక్కెం కూడా దానితోపాటే ఎగిరి వస్తుంది.

అల్లుడు: సరే, రోపు ఇనుపదే పెడ్త. వించి మాత్రం అదే తెప్పిస్త. సగం ధరకే వస్తున్నది. బెల్టు ఇప్పేసి వైరు సుట్టుకుంట.

మామ: ఆ వించి తిప్పుతుంటే నడుమ చెయ్యి ఇడిస్తే ఏమైతది?

అల్లుడు: రాచెట్టు పన్ను పడతది. ఆగుతది.

మామ: ఎత్తేటప్పుడు ఆగుతది. దించేటప్పుడు?

అల్లుడు: దించేటప్పుడు పన్ను పైకి లేపి, హ్యాండిలు పట్టుకోని మెల్లగ...

మామ: ఎనిమిదొందల కిలోలు. పన్ను లేపినవ్. హ్యాండిలు చేతిల ఉన్నది. చెమట చెయ్యి. చెప్పు ఇప్పుడు.

అల్లుడు ఏమీ చెప్పలేదు. ఈ వాదమంతా ఎక్కడ తేలిందంటే ఇక్కడ తేలింది. పడవ ట్రెయిలరు వించుల్లో చాలావాటికి రాచెట్టు తప్ప బ్రేకు ఉండదు. పన్ను లేపిన క్షణాన బరువంతా హ్యాండిలు మీదికి వస్తుంది. చెయ్యి జారితే హ్యాండిలు గిర్రున వెనక్కి తిరిగి ముంజేయి విరగ్గొడుతుంది, దవడ పగలగొడుతుంది. పైపులన్నీ బోర్లోకి దిగిపోతాయి. అలాంటి వించి మీద రాసిన బరువు, చక్రాల మీద ఉన్నదాన్ని గుంజడానికి చెప్పిన బరువు. వేలాడదీసి ఎత్తడానికి వాడొద్దని దానితో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. మనం చదవము. బ్రేకు వించి వేరే ఉంటుంది. అందులో హ్యాండిలు వదిలినా బరువు ఎక్కడిదక్కడ నిలుస్తుంది. దించాలన్నా హ్యాండిలు తిప్పే దించాలి. చైన్ బ్లాకులో కూడా ఇదే పద్ధతి. ధర ఎక్కువే, అయినా ఈ పనికి అదే కొనాలి.

మామ: మా నాయన మోట కొట్టేటోడు. తెల్లారంగ ఎడ్లను కట్టకముందే మోకు పొడుగూత చేతుల్తోని తడిమి సూసేటోడు. దారిల మోకు తెగితే ఎడ్లు ముందుకు బోర్లపడతయ్, కాళ్లిరుగుతయ్. ఎడ్లకోసం సూసిండు. మనం మనుషుల కోసం సూస్తలేం.

అల్లుడు: నీ క్లిప్పుల గురించి అంటున్నవా?

మామ: నా క్లిప్పులు, నీ వించి, రెండిటి గురించి అంటున్న.

అల్లుడు: మరి నా బెల్టుకు ఏ పనీ లేదంటవా?

మామ: ఉన్నది. కొత్త మోటారును బండి మీంచి దించేటప్పుడు వైరు సుడితే పంపు మీద గీతలు పడతయ్, కేబులు నలుగుతది. ఆడ బెల్టు సుట్టు. నల్ల పైపు తీసేటప్పుడు గూడ పైపు సుట్టు బెల్టే కావాలె. వైరు దాన్ని కోస్తది.

అల్లుడు: గట్లయితే లేబులున్న బెల్టే కొనాలె మామా. దుబాయిల రంగు సూసి చెప్తుంటిమి. ఊదా రంగు ఒక టన్ను, ఆకుపచ్చ రెండు టన్నులు, పసుపు మూడు. లేబులు చినిగిపోతే బెల్టు కొత్తగున్నా వాడనియ్యకపోతుండ్రి. ముడేసిన బెల్టును అక్కడికక్కడే కోసి పారేస్తుండ్రి. ముడి పడిన కాడ బలం సగమైపోతది.

మామ: ఇగో, ఈ మాట నాకు తెల్వదు. మనోళ్లు బెల్టు పొడుగెక్కువైతే ముందు ముడే ఏస్తరు.

రైతు కట్టుకునే తాడు గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. మోటారుకు జాగ్రత్తగా నైలాన్ తాడు కట్టి, దాని కొస కేసింగు మూతికి ముడేస్తారు. పైపు ఊడినా మోటారు తాడు మీద నిలుస్తుందని ఆశ. చీకట్లో, నీళ్లలో ఉన్న తాడు ఏళ్లు గడిచినా గట్టిగానే ఉంటుంది. కేసింగు బయట ఎండకు పడి ఉన్న మూరెడు ముక్క మాత్రం తెల్లబారి, వేళ్లతో నలిపితే పొడి రాలుతుంది. బలమంతా ఆ మూరెడు ముక్క మీదే ఆధారపడి ఉంది. ఏటా ఆ కొసను ఇంకాస్త పైకి లాగి, ఎండిన ముక్క కోసి, కొత్త చోట ముడేయాలి. దీనికి ఖర్చేమీ లేదు.

నా తీర్పు ఇది. బోరు మోటారు ఎత్తడానికి బ్రేకు ఉన్న వించి లేదా చైన్ బ్లాకు, వించికి ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప రోపు, కింద రెండో గిరక. బెల్టు పైపు చుట్టూ, మోటారు చుట్టూ చుట్టుకోవడానికి. డ్రమ్ము మీద ఎప్పుడూ కనీసం మూడు చుట్లు మిగిలి ఉండాలి. సోమశిలలో రేపు ఎవరైనా ట్రెయిలరు మీద పడవ తెస్తే వాళ్లకు బెల్టే మంచిది, ఆ విషయంలో అల్లుడి మాటకు తిరుగులేదు.

ఇద్దరూ ప్రస్తావించని ప్రమాదం ఇంకొకటి ఉంది. అది రోపుకంటే, బెల్టుకంటే పెద్దది. ఇరవై అడుగుల ఇనుప పైపు స్టాండులోంచి నిలువుగా లేచినప్పుడు దాని కొస పొలం మీది పదకొండు కేవీ తీగ ఎత్తుకు చేరుతుంది. తగిలితే పైపు పట్టుకున్న వాళ్లందరికీ ఒకేసారి తగులుతుంది. కాబట్టి మోటారు తీయించే రైతులారా, మేస్త్రీ మీ పొలంలో స్టాండు నిలబెట్టే ముందు తలెత్తి పైకి చూడండి. తీగ దగ్గరలో ఉంటే లైన్‌మన్‌కు చెప్పి ఎల్‌సీ తీసుకుని కరెంటు ఆపించేదాకా పని మొదలు పెట్టనివ్వకండి. ఆ తర్వాత వించికి బ్రేకు ఉందా, రోపు ఎప్పుడు మార్చారు అని అడగండి. రోపు బిగిసి ఉన్నంతసేపు చూడ్డానికి వచ్చిన పిల్లల్ని దూరంగా నిలబెట్టండి.